నాలుగు అర్థాలు

"షీత్," అన్నాడు ఆయన మళ్లీ.

పొద్దుట్నుంచి అది పదిహేడోసారి. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. మూతి ఎడమవైపుకి వంకరపోయింది. కాలేజీలో ముప్పై ఏళ్లు ఇంగ్లీషు పాఠాలు చెప్పి, అది చాలక ఇంట్లోనూ ఉపన్యాసాలు దంచిన మనిషి. ఆ నోట్లో ఇప్పుడు మిగిలింది ఈ ఒక్క ముక్కే.

"మాటలన్నీ పోయి ఒకటో రెండో మిగులుతాయమ్మా. ఏది మిగులుతుందో మా చేతిలో లేదు," అన్నాడు డాక్టరు. గుమ్మం దాకా వెళ్లి, గొంతు తగ్గించి, "ఇంకోసారి వస్తే మాత్రం కష్టం," అని కూడా అన్నాడు.

ఆయన భార్య పరుగున మంచం దగ్గరికి వచ్చింది. ఆ ఇంకోసారి వచ్చేలోగా ఆయనకేం కావాలో కనుక్కోవాలి. మంచినీళ్లా? దిండు ఎత్తుగా పెట్టనా? కిటికీ తెరవనా? అన్నీ అడిగింది. ఆయన తల అడ్డంగా ఊపడం, ఆమె మొహంలోకి చూస్తూ "షీత్" అనడం, ఆమెకు అర్థం కాలేదని తెలిసి కళ్లనీళ్లు పెట్టుకోవడం. ఇదే వరస.

"ఎప్పట్లా ఒక్కసారి నన్ను 'ఇదిగో' అని పిలవండి. నాకదే చాలు," అని బతిమాలింది. పక్కగదిలోంచి ఆ 'ఇదిగో' వినబడందే ఆమెకు కాళ్లూ చేతులూ ఆడవు.

కూతురు తండ్రి బీరువాలోంచి లావుపాటి ఇంగ్లీషు డిక్షనరీ దింపింది. "దొరికిందమ్మా. పాతకాలం క్రియ ఇది. మంచాన పడ్డా నాన్న క్లాసు మానలేదు చూడు," అని నవ్వబోయి, నవ్వు రాక, చదివింది. "మొదటి అర్థం. కత్తిని ఒరలో పెట్టడం."

"మనింట్లో కత్తులకి ఒరలెక్కడివే!" అంటూనే ఆమె వంటింట్లోకి ఉరికింది. కూరగాయల కత్తి, కత్తెర, ఆయన గడ్డం గీసుకునే బ్లేడు, కవర్లు చింపే చిన్న చాకు. ఒక్కొక్కదానికీ అట్టముక్క చుట్టి, దారం కట్టి, ఆయన కళ్లముందు పరిచింది. "అన్నీ కప్పెట్టేశానండీ. ఇంక భయం లేదు."

తల అడ్డంగా ఊగింది. "షీత్."

"పిల్లి గోళ్లు లోపలికి ముడుచుకుంటుంది కదా, దానికీ ఇదే మాటట," అంది కూతురు. తల్లి అప్పుడే కట్టిన దారం విప్పి, కత్తెర తీసి, ఆయన పది వేళ్ల గోళ్లూ కత్తిరించింది. "ఓడ అడుగున రాగిరేకు తొడగడానికి కూడానట." ఓడ సంగతి ఆమెకు తెలియలేదు గానీ అడుగంటే తెలిసింది. దుప్పటి తెచ్చి పాదాలకు చుట్టింది. ఆయన దాన్ని ఎడమకాలితో తన్నేశాడు. బాగున్న చేత్తో ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"షీత్. షీత్."

నాలుగో అర్థం దగ్గర కూతురు ఆగిపోయింది. పుస్తకం మూసేసింది.

"ఏం రాసుందే?"

"ఏం లేదమ్మా."

"నా మీద ఒట్టు, చెప్పు."

"పాత కవిత్వంలో... కత్తి ఒంట్లో దింపడాన్ని కూడా అలాగే అనేవారట. ఒళ్లే ఒర అన్నట్టు."

అదా ఈయన అడుగుతున్నది! తల్లి కత్తులన్నీ సంచిలో పడేసి, పక్కింటివాళ్లకు ఇచ్చేసి వచ్చింది. వచ్చి మంచం పట్టె పట్టుకుని కూలబడింది. భయమూ కోపమూ ఏడుపూ ఒక్కసారే ముంచుకొచ్చాయి.

"నన్ను ఒంటరిదాన్ని చేసి పోదామనా? నేనేం తక్కువ చేశానండీ మీకు?"

"షీ..."

ఆమె అరచేత్తో ఆయన నోరు మూసేసింది. "ఆ మాట ఇంక నా ముందు అనొద్దు. నేను తట్టుకోలేను. అనను అని తల ఊపండి."

ఆయన ఆమెవైపు చాలాసేపు చూశాడు. తర్వాత తల నిలువుగా ఊపాడు.

మళ్లీ ఆ మాట అనలేదు. మనసు మార్చుకున్నాడని ఆమె కాస్త కుదుటపడింది కూడా. డాక్టరు చెప్పిన ఇంకోసారి నాలుగో రోజు మధ్యాహ్నం వచ్చింది. ఆయన పెదవి కదపకుండానే పోయాడు.

మూడు వారాల తర్వాత మరణ ధ్రువపత్రం కోసం తల్లీకూతుళ్లు ఆఫీసుకు వెళ్లారు. కిటికీ వెనక గుమాస్తా తలెత్తకుండా అడిగాడు. పోయినాయన పేరు, వయసు, చేసిన ఉద్యోగం. అన్నిటికీ కూతురే జవాబు చెప్పింది.

"ఆయన భార్యగా సంతకం పెట్టేది మీరేనామ్మా? మీ పేరు?"

ఏడుపుకి మూతి వంకరపోయి ఆమె "షీత" అంది, గుమాస్తా ఒక్కసారికే అర్థం చేసుకుని "సీత" అని రాసుకున్నాడు.