కంచె తలుపు

"తీగ ఆయనే కట్టారు," అంది ఆమె.

విచారణ గదిలో అందరూ ఆమెవైపు తిరిగారు.

"మరోసారి ఆలోచించుకుని చెప్పమ్మా," అన్నాడు సేఫ్టీ అధికారి. ఆయన ముందు ప్లాస్టిక్ సంచిలో జానెడు తీగముక్క ఉంది.

కారు తలుపులకి వెల్డింగ్ చేసే రోబో అది. చుట్టూ మనిషెత్తు కంచె. కంచె తలుపు తెరిస్తే చాలు, రోబో ఎక్కడిదక్కడ ఆగిపోవాలి. కానీ లోపల రేకు ఇరుక్కున్న ప్రతిసారీ ఇలా ఆపి, మళ్ళీ నడిపితే టార్గెట్ అందదు. అందుకని తలుపు తీసినా రోబో ఆగకుండా ఎవరో తలుపు స్విచ్చిని తీగతో కట్టేశారు.

రెండో షిఫ్టు మొదలైన పది నిమిషాలకి ఫిట్టరు తలుపు తీసి లోపలికెళ్ళాడు. రోబో కదలకుండా ఉంది. ఆగిందనుకున్నాడు. అది తర్వాతి రేకు కోసం కాచుకుని ఉంది.

పంతొమ్మిదేళ్ళ సర్వీసు ఆయనది. కొత్తవాళ్ళు ఎవరొచ్చినా కంచె దగ్గర నిలబెట్టి, "దీనికి చేతులే గానీ కళ్ళు లేవు. ఆ స్విచ్చి జోలికెళ్ళారో, మీ ఇంటికి కబురు మోసేది నేనే. నాకసలే మోకాళ్ళ నొప్పులు!" అని నవ్వించేవాడు.

"ఇంట్లో అనేవారండీ," అంది భార్య తల వంచుకుని. "తీగ కట్టాక పని చకచకా సాగుతోందని."

అధికారి రాసుకున్నాడు. మేనేజరు కుర్చీలో వెనక్కి వాలాడు. ఆమె సంతకం పెట్టింది.

సాయంత్రం వెల్డరు ఇంటికొచ్చాడు. ఫిట్టరుతో ఒకే పళ్ళెంలో తిన్న స్నేహం అతనిది. గుమ్మం దాటి లోపలికి రాలేదు.

"ఏం ఆశ చూపారు చెల్లెమ్మా నీకు?"

"ఏమీ లేదన్నయ్యా."

"తల తీసినా వాడు ఆ పని చెయ్యడు. ముందు షిఫ్టు వాళ్ళెవరో కట్టి, విప్పడం మర్చిపోయి ఉంటారు. అందర్నీ వరసగా పిలిచి అడగమని అర్జీ పెడదాం. నువ్వు మాట మార్చుకుంటే చాలు."

"వద్దు."

"వాడి ఫోటో కింద 'స్వయంకృతం' అని రాసి గేటు దగ్గర పెడతారట! రోజూ మేమంతా దాని ముందునుంచే లోపలికెళ్ళాలి. అంత మనిషిని అలా చూడగలవా?"

ఆమె మంచినీళ్ళ గ్లాసు అతని ముందుకి చాపింది.

"చూస్తాను," అంది.

"ఛీ! వాడు ఒక్కసారే చచ్చాడనుకున్నాను." ఆమె అందించిన మంచినీళ్ళు ముట్టకుండా మెట్లు దిగిపోయాడు.

ఆమె తలుపు గడియ పెట్టి, పది రోజులుగా మొదటి షిఫ్టుకి వెళ్ళకుండా లోపలి గదిలో గోడవైపు తిరిగి పడుకున్న కూతురి పక్కన కూర్చుని, "తీగ నాన్నే కట్టారని రాయించేశాను తల్లీ, నువ్వు విప్పడం మర్చిపోయిన సంగతి ఇంకెక్కడా అనకు," అంది.