నూటికి నూరు

“పదహారు శాతమా! నిన్న పద్దెనిమిది, ఇవాళ పదహారా! నీ చేత్తో ఒక్కనాడైనా మంచి అంకె రాశావా తల్లీ?”

వాతావరణ కేంద్రం పెద్దసారు రిజిస్టరుని బల్లమీద పడేశాడు. ఎదురుగా నిలబడ్డావిడ అక్కడ పరికరాలు చూసే ఉద్యోగి. గాలిలో తేమ ఎంతుందో పద్నాలుగేళ్ళుగా రోజూ పొద్దున్నే చూసి రాస్తోంది. ఈ ఏడాది అంకెలు అడుగంటడంతో ఆఫీసంతా ఆవిణ్ణి కరువక్క అంటోంది. ఆ పేరు పెట్టిన ఘనత కూడా పెద్దసారుదే.

“గాలి ఎలా ఉంటే అలా రాశాను సార్.”

“గాలి మీదికి నెట్టకు. వాన కబురు ఎప్పుడు చెబుతావని పైవాళ్ళు నా ప్రాణం తీస్తున్నారు. నువ్వు నెల్లాళ్ళు సెలవు పెట్టి కూచో. ఆ రెండంకెలు నేను రాసుకోలేనా?”

“రాయడానికేముంది సార్, కానీ...”

“నాకు నేర్పకు!”

ఆవిడ సెలవు కాగితం రాసిచ్చి, బస్సెక్కి చెల్లెలి ఊరు వెళ్ళిపోయింది.

పెద్దసారు ముప్ఫై ఏళ్ళు స్టోర్సులో కూచుని పెన్సిళ్ళూ కాగితాల దస్తాలూ పంచాడు. ప్రమోషన్ వచ్చిపడేసరికి ఏకంగా ఆకాశానికే అధికారి అయ్యాడు. అయితేనేం, పుస్తకం తిరగేశాడు. పెరట్లో తెల్ల చెక్కపెట్టెలో రెండు థర్మామీటర్లు. ఒకటి పొడిది. రెండోది తడిది, దాని కొనకి గుడ్డ చుట్టి ఉంటుంది. గాలి పొడిగా ఉంటే గుడ్డలో తడి ఆరుతూ దాన్ని చల్లబరుస్తుంది, అంకె దిగుతుంది. గాలి నిండా తేమ ఉంటే తడి ఆరదు, రెండూ ఒకే అంకె చూపిస్తాయి. అప్పుడు తేమ నూటికి నూరు. ఈమాత్రం దానికి పద్నాలుగేళ్ళ అనుభవమా అని పెదవి విరిచాడు.

రెండు రోజులు గడిచాయి. మూడో రోజు పెట్టె తెరిచి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. ముప్ఫై తొమ్మిది. ముప్ఫై తొమ్మిది.

“చూశారా! ఆవిడ గడప దాటిందో లేదో నూటికి నూరు!” అని ఆఫీసు అదిరిపోయేలా అరిచాడు.

ఊరికి నీళ్ళు వదిలే ఇంజనీరు ఆ మధ్యాహ్నమే వచ్చాడు. జలాశయంలో మిగిలిన నీళ్ళు పొదుపుగా వాడితే నలభై రోజులొస్తాయి, మామూలుగా వదిలితే పది. కుళాయిలు బిగించాలా వద్దా అన్నది వాతావరణ కేంద్రం మాట మీద ఆగింది.

“నిశ్చింతగా వదులు. నాలుగు రోజుల్లో కుండపోత.”

“మబ్బు తునకైనా లేదు సార్. చొక్కా ఉతికి పిండేలోపే ఆరిపోతోంది. నాలుక పిడచగట్టుకుపోతోంది.”

“నీ నాలుక ప్రభుత్వ పరికరమా?”

ఇంజనీరు జేబులోంచి కాగితం తీశాడు. “అయితే రాసివ్వండి.”

పెద్దసారు రాసిచ్చాడు. అడక్కపోయినా ముద్ర కూడా కొట్టాడు.

ఆపైన రోజూ నూరే. పేపరులో ఆయన ఫొటో పడింది. పెదాలు పగిలి, నోరు తెరిస్తే నెత్తురు చిమ్ముతోంది. అయినా తెరిచాడు మహానుభావుడు, టీవీవాళ్ళు పిలిచారుగా!

“గాలిలో అన్ని నీళ్ళుంటే మన తలుపులు ఎందుకండీ బీటలు వారుతున్నాయి?” అని ఇంట్లో భార్య అడిగింది.

“నీకు సైన్సు తెలీదు,” అన్నాడు.

పదో రోజున కుళాయిలు గురగురమని ఊరుకున్నాయి. ఆసుపత్రిలో మందు బిళ్ళ మింగడానికి గుక్కెడు నీళ్ళు లేవు. మోకాళ్ళదాకా బురదతో ఇంజనీరు వచ్చాడు. వెనక ఖాళీ బిందెలతో సగం ఊరు.

“మబ్బుని చూసి ముంత ఒలకబోసుకున్నారంటే ఓ అర్థముంది సార్. మబ్బైనా లేకుండా మా చేత ఒలకబోయించారు కదయ్యా!” అన్నాడు ఇంజనీరు. ఇంట్లో అతనికీ పాలు తాగే పిల్ల ఉంది.

పెద్దసారు తగ్గితేగా! తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు.

“పరికరం అబద్ధం చెప్పదు! కావాలంటే ఆ కరువక్కనే పిలిపించండి. అందరి ముందూ ఆవిడ చేతే చదివిస్తాను. నేనొక్క అంకె తప్పు రాశానేమో తేల్చమనండి!”

ఇంజనీరు జీపు పంపి ఆవిణ్ణి రప్పించాడు. ఆవిడ జనాన్ని తప్పించుకుంటూ పెరట్లోకి నడిచి, చెక్కపెట్టె తెరిచింది.

“గట్టిగా చదువు!” అన్నాడు పెద్దసారు.

“నలభై,” అంది. పక్కది చూసింది. “నలభై.”

“విన్నారా!” పెద్దసారు చొక్కా గుండీలు తెగేంతగా పొంగిపోయాడు. “నేను రాసిన ప్రతి అంకే అక్షరాలా నిజం!”

ఆవిడ థర్మామీటరు కొనకున్న గుడ్డని రెండు వేళ్ళతో పట్టుకుని, ఆయన మొహంలోకి చూస్తూ ఉండిపోయింది.

“ఏమిటా చూపు, దాన్ని రోజూ తడపాలని నాకెవరు చెప్పారు?” అన్నాడు పెద్దసారు.