మోకాలెత్తు గడ్డి

టీచరమ్మ గడ్డి కోసే మిషన్ బటన్ వదిలి తలెత్తేసరికి ఆ మనిషి మళ్ళీ గేటు దగ్గర నిలబడి ఉన్నాడు.

ఇది మూడో రోజు.

యాభై ఏళ్ళుంటాయి. ఉతికిన తెల్లచొక్కా. గేటు కమ్మీ మీద చెయ్యి వేసి, రెప్పయినా వాల్చకుండా ఆమెవైపే చూస్తున్నాడు.

ఆమె ఒకడుగు వెనక్కి వేసింది. భర్త లారీతో వెళ్ళి ఎనిమిది రోజులయింది. తిరిగి రావడానికి ఇంకో వారం పడుతుంది. ఇంట్లో తనూ, నాలుగేళ్ళ కూతురూ అంతే. ఆ పిల్ల బీరువా వెనకా మంచం కిందా దూరి దాక్కోవడంలో దిట్ట గనుక అందరూ చిట్టెలుక అంటారు.

వానలకు ఇంటి చుట్టూ గడ్డి మోకాలెత్తు పెరిగింది. పురుగూ పుట్రా చేరకముందే కోసేయాలి. పాత పెట్రోలు మిషన్ తాడు లాగి లాగి ఆమె భుజం పడిపోయేది. అది మొదలైందంటే వీధి వీధంతా చెవులు మూసుకోవాల్సిందే. అందుకే ఈసారి భర్త వెళ్ళేముందు బ్యాటరీది కొనిపెట్టాడు. పట్టీ భుజానికి తగిలించుకుని బటన్ నొక్కితే చాలు, గొట్టం చివర బ్లేడు గిర్రున తిరుగుతుంది. పొగ లేదు, రొద లేదు. ఛార్జింగ్ అరగంటే వస్తుంది కాబట్టి రోజుకో మూల కోసుకుంటూ వస్తోంది.

"ఏం చూస్తున్నారండీ?" ధైర్యం కూడగట్టుకుని అడిగింది.

"ఏమీ చూడట్లేదమ్మా. కోసిన గడ్డి వాసన బాగుంటే ఆగాను," అన్నాడతను నవ్వుతూ. "మీరొక్కరే కోసుకుంటున్నారే. సారు ఊళ్ళో లేరా?"

ఆమె గబగబా ఇంట్లోకి నడిచింది.

కిటికీలోంచి చూస్తే, అతను గోడ పక్కనే నెమ్మదిగా వెళుతున్నాడు, అరచెయ్యి గోడకు ఆనించి. గోడ ఎత్తు కొలుస్తున్నాడని ఆమెకు తోచింది.

భర్తకు ఫోన్ చేస్తే తలుపులు గడియ పెట్టుకోమనీ, పక్కింటి మెకానిక్ చెవిన వెయ్యమనీ అన్నాడు. మెకానిక్, ఇలాంటివాళ్ళు ముందు పగలు వచ్చి ఆనవాళ్ళు చూసుకుని పోతారనీ, ఒక్క కేక వెయ్యి చెల్లెమ్మా చాలు, కాళ్ళు విరగ్గొడతాననీ చెప్పాడు. దాంతో ధైర్యం రాకపోగా ఉన్న భయం రెట్టింపయింది.

మర్నాడు గేటు దగ్గర ఎవరూ లేరు. హమ్మయ్య అనుకుంది.

మధ్యాహ్నం పాపను నిద్రపుచ్చి, ఏడిస్తే వినపడాలని పెరటి తలుపు ఓరగా వేసి, చివరి మూల మొదలుపెట్టింది. గోడవైపు ఒక్కో అడుగే వేస్తూ, బ్లేడును అటూ ఇటూ ఊపుతూ పోతోంది.

ఇంక రెండడుగులుందనగా గోడ అవతలి నుంచి అరుపు.

"ఆపు! మిషన్ ఆపమ్మా!"

అదే గొంతు.

ఆమె చూస్తుండగానే రెండు చేతులు గోడ మీదికొచ్చాయి. తల వచ్చింది. ఆ మనిషి గోడ ఎక్కి, గుడ్డలమూటలా గడ్డిలోకి బోర్లా పడ్డాడు.

ఆమె మిషన్ విసిరేసి ఇంట్లోకి పరుగెత్తింది. గడియ వేసింది. పాపను ఒళ్ళోకి తీసుకుందామని మంచం దగ్గరికి వెళ్ళింది.

మంచం మీద పాప లేదు.

బీరువా వెనక లేదు. మంచం కింద లేదు.

కిటికీ దగ్గరికి ఉరికింది. ఆ మనిషి మోకాళ్ళ మీద పాకుతూ, రెండు చేతులతో గడ్డిని తడుముతున్నాడు. మరుక్షణం అతని చేతుల్లో పాప ఉంది.

ఆమె కేక వీధి చివరిదాకా వినిపించి ఉంటుంది.

మెకానిక్ గోడ దూకి వచ్చి చెంప ఛెళ్ళుమనిపించాడు. వీధివాళ్ళు ఇద్దరు రెక్క పట్టి బయటికి ఈడ్చారు. అతను చెయ్యి అడ్డం పెట్టుకోలేదు, ఎదురు చెప్పలేదు. పెదవి చిట్లి నెత్తురు కారుతోంది.

"పాపకేం కాలేదుగా?" అని మాత్రం అడిగాడు.

పాపను ఎత్తుకొచ్చి ఇంట్లో తలుపేసుకున్నాక, ఎక్కడికి పోయావే అని తల్లి ఏడుస్తూ అడిగితే, గడ్డిలో దాక్కున్నాననీ, అమ్మ దగ్గరికి రాగానే భౌ అందామని నోరు మూసుకుని నవ్వుకుంటున్నాననీ చెప్పింది చిట్టెలుక.

టీచరమ్మ పెరట్లోకి వెళ్ళి చూసింది. కోసిన అంచుకు సరిగ్గా రెండడుగుల్లో, గడ్డి గుంటలా నలిగి ఉంది, పిల్ల పడుకున్నంత మేర.

వెంటనే వీధిలోకి పరుగెత్తింది గానీ అతను ఎక్కడా లేడు.

మర్నాడు పొద్దున ఇల్లిల్లూ అడిగితే, వీధి మొదట్లో బట్టలు కుట్టే ఆవిడ తమ్ముడని తెలిసింది. పాపను చంకనేసుకుని వెళ్ళింది.

కుట్టుమిషన్ ఆపి ఆవిడ, వారం రోజులుండి తమ్ముడు తెల్లవారుజాము బస్సుకే వెళ్ళిపోయాడనీ, పెదవికేమైందంటే గుమ్మం తట్టుకున్నానన్నాడనీ చెప్పింది.

టీచరమ్మ జరిగిందంతా ఒక్క ముక్క దాచకుండా చెప్పింది. చెప్పి, చేతులు పట్టుకుంది.

"రెండడుగుల్లో ఉన్న నాకే కనపడలేదండీ నా బిడ్డ. గోడ అవతలున్న ఆయనకెలా కనపడింది?"

ఆవిడ పాప తల నిమిరింది.

"నవ్వు వినపడి ఉంటుందమ్మా," అంది. "మా తమ్ముడికి పుట్టుకతోనే కళ్ళు లేవు."