రాజ్యం గుంజుకున్నోడు

బెల్లో మళ్లీ సానీ చేతిలోంచి చాయ్ గ్లాసు గుంజుకుని ఇసుకలో పారబోశాడు.

జలంధర్‌కు ఒళ్లు మండింది. ఖతర్ దేశం ఉమ్ సలాల్‌లోని ఆ తోటలో పనివాళ్లకు పెద్ద తను. ఆ చాయ్ పోసింది కూడా తనే.

సానీ, బెల్లో ఇద్దరిదీ నైజీరియానే. సానీ హౌసా తెగ వాడు, నీళ్ల ట్యాంకర్ డ్రైవరు. ఏళ్లుగా జగిత్యాల వాళ్లతో ఉండి తెలుగు పట్టేశాడు. బెల్లో ఫులానీ. మేకలు కాయడానికి మొన్నమొన్ననే వచ్చాడు. నవ్వడు. నలుగురితో కూర్చుని తినడు. తన సంగతి అడిగినా చెప్పడు.

నోరు విప్పనివాడి కడుపులో ఏదో ఉంటుందని జలంధర్ నమ్మకం.

"గట్ల ఊకుంటవేంది సానీ?"

"వీళ్లు గంతే జలంధర్ భాయ్! రెండొందల ఏండ్ల కింద వీళ్ల తాతలు జెండాలు పట్టుకొని, గుర్రాలెక్కి వచ్చిండ్రు. మా హౌసా రాజులను దింపిండ్రు. వాళ్లు రాజ్యం గుంజుకుండ్రు, వీడు చాయ్ గుంజుకుంటుండు!"

సానీ ఆ మాటే హౌసాలో కూడా అనేసరికి, బెల్లో అదే భాషలో ఏదో విసిరాడు.

"ఏమంటుండు?"

"మీ రాజులు పన్నుల మీద పన్నులేసి పీల్చుకతింటే మీ జనమే మా ఎంబడి వచ్చిండ్రు అంటుండు. రాజ్యం తీసుకున్నా మీ భాషనే మాట్లాడుతున్నం గద, ఇంకేం గావాలె అంటుండు."

"ఇప్పుడెట్లుంది మరి?"

"ఏముంది? ఓట్లు మావి, కుర్చీ వీళ్లది!"

ఆ మాట జలంధర్‌కు సూటిగా తగిలింది.

"నీళ్లు మావి, పంటలు వాళ్లవి అని మేం గూడ గిట్లనే కొట్లాడినం. తెలంగాణ ఊకెనే వచ్చిందా? నేనున్న, నువ్వు భయపడకు."

ఆ రోజు నుంచి జలంధర్ సానీ పక్షం. బెల్లో మేకల వెంట వెళ్లగానే, చక్కెర దండిగా వేసి చాయ్ పోసేవాడు. పక్కన ఖర్జూరాలు పెట్టేవాడు. సానీ అటూ ఇటూ చూసి దొంగపిల్లిలా తాగేవాడు.

అంతలో ఇంకొకటి కంటబడింది.

పొద్దున్నే బెల్లో గిన్నెలో మేకపాలు తెచ్చి, ఏదో తెల్లపొడి కలిపి, సానీ తాగేదాకా అక్కడే నిలబడ్డాడు. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

జలంధర్‌కు అర్థమైపోయింది. మందు పెడుతున్నాడు! తన ఊళ్లో పగవాడు మందు పెడితే చిక్కి శల్యమైపోయారని ఎందరి గురించి వినలేదు! ఈమధ్య సానీ కూడా చిక్కాడు.

"పాలల్ల ఏం కలుపుతుండు సానీ?"

"ఏం లేదు భాయ్," అని సానీ చూపు తిప్పుకున్నాడు.

పాపం, బెదిరించి ఉంటాడు.

అప్పుడే జలంధర్ ఫోన్ మోగింది. స్పీకర్‌లో తిరుమల్ గొంతు.

"ఓ గొర్రె బావా! ఖతర్‌ల ఒంటెలు కాసుకుంట, ఓటు ఎవనికెయ్యాల్నో మాకు చెప్తవా? మీ పార్టీ మునిగింది. నువ్వు గూడ దాంట్లనే మునుగు!"

సానీ కళ్లు పెద్దవి చేశాడు. "ఎవడు భాయ్ గట్ల తిడుతుండు?"

"నా బామ్మర్ది. నా పెండ్లాం తమ్ముడు. బావను బామ్మర్ది తిట్టకపోతే ఇంకెవడు తిడతడు?"

సానీ పడీపడీ నవ్వి, ఆ మాట బెల్లోకు చెప్పాడు. ఎన్నడూ నవ్వని బెల్లో కడుపు పట్టుకుని నవ్వాడు.

నన్ను చూసి నవ్వుతాడా! జలంధర్ నేరుగా ముదీర్ దగ్గరికి, అంటే తోట మేనేజరు దగ్గరికి వెళ్లాడు.

"సార్, వాళ్లది తాతల నాటి పగ. బెల్లో పాలల్ల ఏదో కలుపుతుండు. రేపు ఖూనీ అయితే నన్ను అడగొద్దు."

ముదీర్ బెల్లోను పిలిచి ఏం కలుపుతున్నావని గద్దించాడు. బెల్లో తల వంచుకుని నిలబడ్డాడు. ఒక్క మాట చెప్పలేదు. సానీ ట్యాంకర్‌తో బయట ఉండగానే బెల్లోను అల్ ఖోర్ తోటకు మార్చేశారు.

పికప్ ఎక్కుతూ బెల్లో జలంధర్ వైపు తిరిగి, వచ్చీరాని అరబ్బీ, తెలుగు కలిపి అన్నాడు.

"సానీకి చాయ్ మాఫీ, వద్దు. నువ్వు పోయకు."

పోతూ పోతూ కూడా పెత్తనమే, అనుకున్నాడు జలంధర్.

సాయంత్రం సంగతి విని సానీ ట్యాంకర్ తాళాలు గుప్పిట్లో బిగించాడు.

"ఎందుకు చేసినవ్ భాయ్?"

"నీ కోసమే. తాగు, ఇగ నీ రాజ్యం నీది," అని జలంధర్ గ్లాసు నిండా చాయ్ పోశాడు.

నెల తిరగకముందే సానీ ట్యాంకర్ పక్కన కుప్పకూలాడు.

ఆసుపత్రిలో నర్సు విజయరాణి కాకినాడ మనిషి. "ఈయనకి షుగరండీ, ఎప్పట్నుంచో ఉంది. బిళ్లలు మానేసినట్టున్నారు. తెలిస్తే డ్రైవరు పని పోతుందని చాలామంది దాచేస్తారండీ."

"బతుకుతడా అమ్మా?"

"ఇప్పుడే ఏం చెప్పలేమండీ."

జలంధర్‌కు ఒక్కొక్కటే గుర్తొచ్చింది. ఇసుకలో పారబోసిన చాయ్, పాలలో కలిపిన బిళ్లల పొడి, ముదీర్ ముందు వంచిన తల. ఆ రోజు బెల్లో నోరు విప్పి ఉంటే సానీ ఉద్యోగం ఊడేది. చక్కెర చాయ్ తన చేతులతోనే పోశాడు ఇన్నాళ్లూ.

చేతిలో సానీ ఫోన్ మోగింది. ఆడగొంతు, ఇంగ్లీషు. జలంధర్ దాన్ని విజయరాణికి అందించాడు.

ఆమె విని, ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టింది.

"ఈయన భార్యండీ. 'మా ఆయన్ని కనిపెట్టుకుని ఉండమని ఆవుల మందని వదిలించి మరీ పంపాను, మా తమ్ముడు బెల్లో ఏడి, ఫోన్ వాడికివ్వండి' అంటున్నారు."