పుస్తకంలో లేని ముక్క

"అది తీసెయ్యండి" అంది పాటల టీచరు.

"ఏది?" అన్నాడు బృందంలోని బస్సు కండక్టరు, ఏమీ ఎరగనట్టు.

"అదే. కీర్తన మధ్యలో అందరూ ముఖం ఎడమవైపు తిప్పి 'ఆ... ఆ... ఆత్సియా' అంటున్నారే, అది. పుస్తకంలో లేదు."

గాయకబృందం మొత్తం గుర్రుగా చూసింది. చర్చి వెనక గదిలో ప్లాస్టిక్ కుర్చీలు కూడా కిర్రుమనడం మానేశాయి.

టీచరు పని ఊరూరా తిరిగి చర్చి బృందాలకు గ్రెగోరియన్ గానం నేర్పడం. ఆ గానానికి వాయిద్యం ఉండదు, తాళం ఉండదు. నాలుగు గీతల మీద ఉన్న నల్లటి చదరపు చుక్కలు చూస్తూ అందరూ ఒకే గొంతుగా లాటిన్‌లో పాడాలి. మామూలుగా ఏ చర్చికి వెళ్లినా ఒకరు మేడెక్కుతారు, ఒకరు నూతిలోకి దిగుతారు. ఈ బృందం మాత్రం మొదటిరోజే ఆమె నోరు మూయించింది. చుక్కలు చదవడం ఒక్కరికీ రాదు. అయినా ఒక్క స్వరం తప్పలేదు. ఆ ఒక్క ముక్క తప్ప.

"అసలు మీకిది ఎవరు నేర్పారు?"

టైలరక్క గోడవైపు చూపించింది. అక్కడొక చిన్న గాజుపెట్టెలో పాత క్యాసెట్టు ఉంది.

"మా గురువుగారు" అంది భక్తిగా.

కండక్టరు మీసం ఇంకా నల్లగా ఉన్న రోజుల్లో, అప్పటి ఫాదరుగారు ఏదో సెమినరీ నుంచి తెచ్చిన క్యాసెట్టు అది. అందులో ఉన్నది ఒకే ఒక కుర్రగొంతు. పైన అంటించిన చీటీ ఎప్పుడో ఊడిపోయింది. ఆ గొంతు ఎవరిదో ఎవరికీ తెలీదు. టేపు నలిగి తెగిపోయేదాకా విని, మొత్తం కంఠతా పట్టేశారు.

"మరి ముఖం తిప్పడమెందుకు?"

"అక్కడ గురువుగారి గొంతు కాస్త దూరం జరుగుతుంది టీచరమ్మా. ఎడమవైపు తిరిగితేనే ఆ దూరం వస్తుంది. అది కనిపెట్టేసరికి మాకు తల ప్రాణం తోకకొచ్చింది."

టీచరు రెండు నిఘంటువులు తిరగేసింది. లాటిన్‌లో 'గ్రాత్సియా' అంటే కృప. దాని తలకాయ తెగి ఇలా అయిందేమో అనుకుంది. కానీ కీర్తనలో అక్కడ కృపకు చోటే లేదు. తనకు పాఠం చెప్పిన పెద్దాయనకు ఫోన్ చేసింది. ఆయన మళ్లీ మళ్లీ పాడించుకుని, గొంతు తగ్గించి, "చాలా అరుదైన సంప్రదాయం అయ్యుంటుందమ్మా, ముట్టుకోకు" అన్నాడు.

ముట్టుకోకుండా ఎలా? ఆదివారం కొత్త బిషప్పుగారు వస్తున్నారు.

ఆయన సామాన్యుడు కాదు. పక్క చర్చిలో ఒక దీర్ఘం తగ్గిందని బృందాన్ని ఇంటికి పంపేసి, వాళ్ల చోట స్పీకరు పెట్టె పెట్టించారు. "రికార్డు చేసిన పాటలో తప్పులుండవు" అన్నారట.

"ఆదివారం ఆ ముక్క పాడారా, సోమవారం ఈ గదిలో కూడా పెట్టె ఉంటుంది" అంది టీచరు.

"పూర్తి టికెట్టు తీసుకున్నవాణ్ణి మధ్యలో దింపేస్తారా?" అన్నాడు కండక్టరు. "గురువుగారి పాటలో కోతలా? ప్రాణం పోయినా ఒప్పుకోను."

"కొలతకు సరిగ్గా కుట్టిన బట్ట అది. అక్కడ కత్తిరిస్తే పొట్టిదైపోతుంది" అంది టైలరక్క.

టీచరుకు దుఃఖం ఆగలేదు. కుర్చీలో కూలబడి కళ్లొత్తుకుంది. "ఇన్ని చర్చిలు తిరిగాను. ఇంత బాగా పాడేవాళ్లు నాకెక్కడా దొరకలేదు. మిమ్మల్ని పోగొట్టుకోవడం నావల్ల కాదు."

కాసేపటికి టైలరక్కే మెత్తబడింది. "అన్నయ్యా, బృందమే పోతే ఆ ముక్క పట్టుకుని ఏం చేసుకుంటాం?"

కండక్టరు గాజుపెట్టె ముందు నిలబడి, "తప్పైపోయింది గురువుగారూ" అని లెంపలేసుకున్నాడు.

ముక్క మానడం నేర్చుకోవడం, పాట నేర్చుకోవడం కన్నా కష్టమైంది. నోళ్లు మూసుకున్నా మెడలు ఎడమవైపు తిరిగిపోతున్నాయి. చివరికి టైలరక్క అందరి కాలర్లలోనూ బక్రం అనే అట్టలాంటి గట్టి గుడ్డ రెండు వరసలు వేసి కుట్టింది. దాంతో మెడలు రాయిలా నిలిచాయి. పక్కకు చూడాలంటే మనిషి మొత్తం తిరగాల్సిందే.

ఆదివారం చర్చి కిక్కిరిసిపోయింది. కొత్త బిషప్పుగారు లావుపాటి కీర్తనల పుస్తకం చంకలో పెట్టుకుని నడిచొచ్చారు. ఎవరినీ పలకరించలేదు. పుస్తకం పక్కనున్న ఫాదరుగారి చేతిలో పెట్టి, ధూపపాత్ర అందుకుని బలిపీఠం ముందు నిలబడ్డారు. బృందం కీర్తన అందుకుంది. పుస్తకం వైపు ఓరగా చూస్తున్న ఆయన కనుబొమలు మెల్లగా సర్దుకున్నాయి. ఫాదరుగారు ఊపిరి పీల్చుకున్నారు.

ఆ చోటు రానే వచ్చింది.

కండక్టరు బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాడు. టైలరక్క పెదవి కొరుక్కుంది. ఇరవై మెడలూ బిర్రబిగుసుకున్నాయి. ఎవరూ పాడలేదు, ఎవరూ తిరగలేదు. అయితే ఇన్నేళ్ల అలవాటు కదా, ముక్క మానేశారు గానీ దానికి పట్టే వ్యవధిని మానలేకపోయారు. పాట మధ్యలో అంత మేరా ఖాళీ ఉండిపోయింది. కండక్టరు కళ్లలోంచి నీళ్లు జారి గట్టి కాలరు మీద పడ్డాయి. అయిపోయింది, పెట్టె ఖాయం అనుకుని టీచరు కళ్లు మూసుకుంది.

ఆ ఖాళీలో, ధూపం పొగ మధ్య నిలబడ్డ బిషప్పుగారు ముఖం ఎడమవైపు తిప్పి, ఒక్క స్వరం పొల్లుపోకుండా, గాజుపెట్టెలోని గురువుగారి గొంతుతోనే "ఆ... ఆ... ఆత్సియా" అని తుమ్మారు.