గొర్రెతల ఎవరి ముందుంది?

"ఈయన మా తాతయ్య కాదు," అంది రిమ్మా.

కల్మురాత్ చేతిలోంచి ముసుగు గుడ్డ జారిపోయింది. ఇంకో గంటలో మేయరు ఆవిష్కరించాల్సిన విగ్రహం అది. ఆ ప్రొఫెసర్ మనవరాలు అంత దూరం నుంచి వచ్చింది కదా, ఆమెకి ముందుగా చూపిద్దామని ముచ్చటపడి తను చూసుకునే మ్యూజియం ముంగిట్లో ముసుగెత్తాడు. ఎత్తకపోయినా బాగుండేది.

"సరిగ్గా చూడండమ్మా! ప్రొఫెసర్ రుదాకోవ్. మా కొండ మీది మంచునదికి మొట్టమొదట పటం గీసిన మహానుభావుడు. అరవై ఏళ్ల కిందట మా ఇంట్లో భోంచేశాడు. స్వయంగా మా అమ్మే వడ్డించింది. పోయిన చలికాలమే పోయింది పాపం, ఉంటే మీకు చెప్పేది."

"భోంచేసే ఉంటాడు. కానీ ఈ గడ్డమాయన ఎవరో నాకు తెలీదు."

రిమ్మా భుజాన సంచీలో వాళ్ల తాతయ్య యాత్రల పుస్తకం ఉంది. ఆయన చేత్తో రాసుకున్నది. దాన్ని అక్-బేల్ మ్యూజియానికి ఇవ్వమని కల్మురాత్ ఆరేళ్లుగా ఉత్తరాలు రాస్తున్నాడు. ఇప్పుడు ఆమె ఆ సంచీని కాస్త దగ్గరికి లాక్కుంది.

వాకిట్లో బెంచీ మీద కూర్చున్న తాబిల్దీ కిసుక్కున నవ్వాడు. ఎనభై ఎనిమిదేళ్ల మనిషి. ఈ ఊరి పిల్లని చేసుకుని ఇక్కడే ఉండిపోయాడు కనుక ఊరందరికీ బావే. నలభై ఏళ్లు కనుమ మీదుగా బస్సు నడిపాడు, ఒక్కరికీ గీత పడలేదు.

"కల్మురాత్, ఎలాగూ లోపల గోడ మీది ఫొటోలు సర్దాల్సొచ్చేట్టుంది. పనిలో పని నా పేరు కూడా రాసెయ్యరాదూ? ఫొటో అక్కర్లేదు. పేరు చాలు."

"మళ్లీ మొదలెట్టావా బావా? ఒక వరస ఊళ్లో గొప్పవాళ్లది, ఇంకో వరస ఊరొచ్చిన గొప్పవాళ్లది. నువ్వు అల్లుడివి. ఊరివాడివీ కాదు, చుట్టానివీ కాదు. ఏ వరసలో ఇరికించను? విందుల్లో అల్లుడికి పెట్టే గొర్రె రొమ్ముముక్క తిని హాయిగా ఉండు."

ముప్పై ఏళ్లుగా తాబిల్దీ అడిగేది అదే, కల్మురాత్ చెప్పేదీ అదే.

రిమ్మాని లోపలికి తీసుకెళ్లి గోడ మీది ఫొటో చూపించాడు. విగ్రహం చెక్కించింది ఆ ఫొటో చూసే. ఏటేటా పూలు పెట్టేదీ దాని ముందే. నేల మీద పరిచిన భోజనాల దుప్పటి చుట్టూ ముగ్గురు కూర్చున్నారు. పైచోటులో ఇంత గడ్డంతో ఒకాయన, ఆయన ముందు ఉడికించిన గొర్రెతల.

రిమ్మా వేలు మాత్రం గుమ్మం దగ్గర ఎముక చీకుతున్న నున్నటి బుగ్గల బక్కమనిషి మీద ఆగింది.

"ఇదుగో మా తాతయ్య."

"ఎలా అవుతాడమ్మా? ఈయన గుమ్మం దగ్గరున్నాడు!"

"ఉంటే?"

"తల గడ్డమాయన ముందుంది!"

"ఉంటే ఏమైంది?"

కల్మురాత్ అయోమయంగా ఆమె వంక చూశాడు. వచ్చినవాళ్లలో పెద్ద ఎవరైతే గుమ్మానికి దూరంగా ఉండే పైచోటూ, గొర్రెతలా వాళ్లకే. పాలు తాగే పిల్లకైనా తెలిసిన సంగతి, చదువుకున్న మనిషికి ఎలా చెప్పాలి?

ఇంతలో మేయరు తోలోన్ టై సర్దుకుంటూ వచ్చాడు. సంగతి విని ఆయన తల కూడా తిరిగింది.

"పుస్తకాల్లో ప్రొఫెసర్‌కి గడ్డం లేని మాట నిజమే. తర్వాత తీయించుకున్నాడని మేమే అనుకున్నాం."

"మా తాతయ్యకి జన్మలో గడ్డం మొలవలేదండీ," అంది రిమ్మా.

"పోనీ, విగ్రహం గడ్డం చెక్కి తీసేయిస్తే?"

"మరి ఆ ముక్కో?" అడిగింది రిమ్మా.

మేయరు గుమ్మంలోంచి విగ్రహం ముక్కు వంక చూసి మళ్లీ టై సర్దుకున్నాడు. బయట బడిపిల్లలు పాట మొదలెట్టారు. ఊరంతా పోగవుతోంది. ఒకడు ఆ గడ్డమాయన వంటవాడన్నాడు, ఇంకొకడు పోలీసన్నాడు. తెలిసినవాడు ఒక్కడూ లేడు. కల్మురాత్‌కి ఏడుపొక్కటే తక్కువ.

చివరికి రిమ్మాకే జాలేసి సంచీలోంచి పుస్తకం తీసింది. "అసలు ఆ రోజు ఏం రాశాడో చూద్దాం." వాకిట్లోకి, వెలుతురులోకి వచ్చి పేజీలు తిప్పింది. అక్షరాలు చీమల్లా ఉన్నాయి. ఒకచోట ఆగి పైకి చదివింది.

"'అక్-బేల్‌లో జీపు దిగగానే జనం మా డ్రైవర్ని చుట్టుముట్టారు. వాడికింకా ముప్పై రాలేదు. మూడు నెలలుగా గీసుకోని గడ్డం, దాని నిండా దారిలోని తెల్లదుమ్ము. పెద్దమనిషి వాడేననుకుని పైచోటులో కూర్చోబెట్టి గొర్రెతల పెట్టారు. వాడు హడలిపోయి లేవబోయాడు. కదలొద్దని కన్ను కొట్టాను. ఎప్పటికీ చెప్పొద్దని తర్వాత ఒట్టు కూడా వేయించుకున్నాను. తెలిస్తే, అంత ఆప్యాయంగా వడ్డించిన ఆ ఇల్లాలు సిగ్గుతో చితికిపోతుంది.'"

కల్మురాత్‌కి అమ్మ గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి. ఆ వెంటనే ఒళ్లు మండింది.

"ముప్పై ఏళ్లు! ముప్పై ఏళ్లు ఒక డ్రైవర్‌కి పూలు పెట్టాను! వాడి పేరైనా రాశాడా?"

"లేదు."

"ఇప్పుడు ఈ విగ్రహం కింద ఎవరి పేరు చెక్కాలయ్యా?" అని మేయరు నెత్తి కొట్టుకున్నాడు.

బెంచీ మీద తాబిల్దీ మెల్లిగా టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. నున్నటి గడ్డాన్ని అరచేత్తో ఒకసారి తడుముకున్నాడు.

"ఫొటో అక్కర్లేదు, పేరు చాలని ఇన్నేళ్లుగా మొత్తుకుంటున్నది అందుకేనోయ్!"