పక్కింటివారి నల్లకుక్క

“గట్టిగా పట్టుకోండి, ఊరికే చూస్తారేంటి!” అంది భవానీదేవి.

వెంకటరమణ చిట్టిని రెండు చేతులతో పొదివి పట్టుకున్నాడు. ముసలి కుక్క, పెనుగులాడే ఓపిక కూడా లేదు దానికి. చిరిగిన చెవి మీద భవాని పసుపు అద్దుతుంటే కుయ్యిమంటూ ఆయన చొక్కాలోకి మొహం దూర్చేసింది. మొన్న కాలు, ఇవాళ చెవి. ఇంకోసారి ఆ నల్లకుక్క నోట పడితే ఇక దక్కదని ఇద్దరికీ తెలుసు. పిల్లల్లేని ఆ ఇంట్లో చిట్టిని మనిషితో సమానంగా పెంచుకున్నారు.

ఇంత పని చేసిన నల్లకుక్క మాత్రం పక్కింటి గేటు ముందు కాళ్ళు బారజాపుకుని నిద్రపోతోంది.

“ఇవాళైనా అడుగుతారా, అడగరా?”

“అడుగుతానే బాబూ.”

“ఆఁ, అడుగుతారు! కాఫీ తాగేసి, కొబ్బరి ధర మాట్లాడేసి వచ్చేస్తారు. ఎప్పుడూ చేసేదే కదా!”

నిజమే మరి. తొంభై ఆరు తుఫాను కొట్టిన మరుసటేడు పేతురు మాస్టారు, ఆయన భార్య సువార్తమ్మ టీచరు కొత్తపేట బడికి బదిలీ అయి పక్కింట్లో అద్దెకు దిగారు. సామాన్ల ట్రాక్టరు వెనకాలే పరిగెత్తుకుంటూ వచ్చి గేటు ముందు కూలబడింది ఈ నల్లకుక్క. ఆ రోజుతో రమణకి మనశ్శాంతి పోయింది. వాళ్ళేమో దాన్ని కట్టెయ్యరు. భార్యాభర్తలిద్దరూ బడికి పోయినా, ఇంట్లో ఉన్నా అది దడి దూకి ఇటు వచ్చేస్తుంది. పక్కింటివాళ్ళ జీవం ఆకలితో ఉంటే బాగోదని భవాని రోజూ దానికింత అన్నం పెడుతూనే ఉంది. తిన్న నోటితోనే అది చిట్టి మీద పడుతుంది.

నాలుగు తగిలించి తరిమేద్దామంటే, వాళ్ళు కళ్ళెదురుగా ఉండగా వాళ్ళ కుక్క మీద కర్రెత్తడానికి చెయ్యి రాదు. పైగా ఆ వీధి మొత్తానికి చర్చికి వెళ్ళే ఇల్లు అదొక్కటే. కుక్క గురించి ఒక మాట తూలితే అది కుక్కతో ఆగదేమోనని రమణ భయం. ఇటు నుంచి అరిసెలు వెళ్తాయి, అటు నుంచి క్రిస్మస్ కేకు వస్తుంది. అలాంటి మనుషుల్ని పోగొట్టుకోవడం ఆయనకి ఇష్టం లేదు. అందుకే ఒకసారి సంతలో గొలుసు కొని వాళ్ళ గేటుకి తగిలించి వచ్చాడు. చదువుకున్నవాళ్ళు, అర్థం చేసుకోరా అనుకున్నాడు. సాయంత్రానికల్లా సువార్తమ్మ ఆ గొలుసూ, దాంతోపాటు ఓ పొట్లంలో ఆత్రేయపురం పూతరేకులూ పట్టుకొచ్చింది.

“మీ గొలుసండీ. మా గేటుకి మర్చిపోయినట్టున్నారు.”

ఏం చెబుతాడు? “ఆయ్, మర్చిపోయేనండి” అన్నాడు.

“అసలు ఆవిడ మాట విన్నారా మీరు?” భవాని ఇంకా ఆపలేదు. “కొట్లాట జరిగినప్పుడల్లా పరిగెత్తుకొచ్చి బకెట్టుడు నీళ్ళు పోస్తుంది. బాగానే ఉంది. పోసి, ‘పర్లేదండీ, మూగజీవాలు కదా’ అంటుంది! చిరిగింది మన చిట్టి చెవి. పర్లేదని చెప్పడానికి ఆవిడెవరండీ? రేపు పొద్దుటికి ఆ కుక్క కట్టుమీద లేకపోతే, చిట్టిని తీసుకుని రాజోలు మా అక్కగారింటికి పోతాను. తర్వాత మీరూ, మీ మొహమాటమూ!”

రమణ లేచాడు. పొద్దున్నుంచీ కొబ్బరి దింపు దగ్గర నిలబడి ఒళ్ళు హూనమైపోయింది. ఇప్పుడు దానికి తోడు ఈ పంచాయితీ.

మాస్టారు వరండాలో పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్నాడు. “రండి రండి రమణగారూ! కాఫీ తాగుదురుగాని.”

“కాఫీ వద్దండి.” ఆ మాట అనేసరికే రమణకి సగం బలం అయిపోయింది.

లోపల్నుంచి సువార్తమ్మ గోడ పట్టుకుని మెల్లగా వచ్చింది. పిక్కకి కట్టు ఉంది. మొహం పీక్కుపోయింది.

“ఏమైందమ్మా?”

“ఏం లేదండీ” అని ఆవిడ భర్త వైపు చూసింది.

“చెప్పకూడదనుకున్నామండి” అన్నాడు మాస్టారు. “మొన్న కుక్కల్ని విడదియ్యబోతే ఆ నల్లది పట్టేసింది. గవర్నమెంటాసుపత్రిలో బొడ్డు చుట్టూ సూదులు మొదలెట్టేరు.”

“పర్లేదులెండి. మూగజీవం, దానికేం తెలుసు” అంది సువార్తమ్మ.

రమణ ప్రాణం ఉసూరుమంది. చిట్టికి అడ్డం పడబోయి కరిపించుకుందా మహాతల్లి! ఆ వెనకే ఒళ్ళు మండుకొచ్చింది. ఇంటి ఇల్లాలిని కరిచినా ఇంకా దాన్ని గాలికి వదిలేస్తారా?

“పోయిన నెల మీ కోడిపెట్టని చంపింది కూడా అదే కదండీ?”

“ఆయ్. పోన్లెండి, ఒక్క కోడే కదా” అన్నాడు మాస్టారు ఎటో చూస్తూ.

“పోన్లెండి ఏంటండీ!” రమణ గొంతు పెంచేశాడు. “ఇన్నాళ్ళూ నోరు కట్టేసుకున్నానండి. మీతో మాట పోతుందేమోనని భయపడి చచ్చేను. ఇవాళ పోతే పోనివ్వండి. మా చిట్టి చచ్చేలా ఉంది. అమ్మగారేమో ఇలా ఉన్నారు. మీకు దండం పెడతాను మాస్టారూ, మీ కుక్కని కట్టేసుకోండి!”

అనేసి తల దించుకున్నాడు. తల ఎత్తి చూస్తే భార్యాభర్తలిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. సువార్తమ్మ పొట్ట పట్టుకుని కుర్చీలో కూలబడింది.

“అది మీది కాదాండీ?”